శాలువా కప్పిన రౌటర్

ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని నేను. ఆర్డరు కాగితంలో నా హోదా ప్రోగ్రామర్. చేసిన పని మాత్రం ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగడం, ఎలుకలు కొరికిన వైర్లు మార్చడం, నెట్ పోయినప్పుడల్లా అందరిచేతా మాటలు పడడం. ఇప్పుడు అలాంటి ఉద్యోగాల్లో చేరుతున్న ఆడపిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, ఏదైనా సలహా చెప్పండి" అంటుంటారు. నా దగ్గర సలహాలు లేవమ్మా. ఒక పాత కంప్యూటర్ సంగతి ఉంది, అది చెబుతాను. విన్నాక మీకు ఒళ్ళు మండాలి. మండకపోతే మీరు అలాంటి కాలేజీలకు బాగా పనికొస్తారు. ఎప్పటికైనా ప్రిన్సిపాల్ కూడా అవుతారు.

కాలేజీ పేరు చెప్పను. విజయనగరం జిల్లాలో, గుట్టల నడుమ, జీడితోట కొట్టి కట్టింది. మా ఆయనది రైల్వే ఉద్యోగం కాబట్టి మా కాపురం కొత్తవలసలో. రోజూ కాలేజీ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఆ గుట్టల వల్ల ఫోన్ సిగ్నల్ కాలేజీ గేటు దగ్గరే ఆగిపోయేది. లోపల ఎవరికి నెట్ కావాలన్నా కాలేజీ లైనే దిక్కు. ఆ లైను బయటినుంచి ఒకే ఒక్క వైరుగా వస్తుంది. దాన్ని అన్ని గదులకూ, అన్ని కంప్యూటర్లకూ పంచే పెట్టెను రౌటర్ అంటారు. పెళ్ళి బంతిలో వడ్డించేవాడి పనే దానిదీ. అడిగినవాళ్ళకి అడిగింది వెయ్యాలి, ఒక్కడే గిన్నె లాగేసుకోకుండా చూడాలి.

మా కాలేజీలో ఆ వడ్డించేవాడు అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా. ఒక ఇంట్లో నలుగురికి సరిపోయేది. చైర్మన్ గారు దాన్ని కాలేజీ మొత్తానికి పెట్టించారు. పిల్లలంతా ల్యాబులో కూర్చున్నారో లేదో, అది మూర్ఛపోయేది. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టడం నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగమైపోయింది. పెద్దది కొనమని అడిగితే చైర్మన్ గారు, "ఏటమ్మా, మొన్నే కదేటి కొన్నాం" అనేవారు. ఆయన లెక్కలో మొన్న అంటే కాలేజీకి శంకుస్థాపన చేసిన సంవత్సరం.

విసుగెత్తి నేనే ఒక పని చేశాను. పారెయ్యడానికి స్టోర్ రూములో గుట్టగా పోసిన పాత కంప్యూటర్లలోంచి ఒళ్ళు కాస్త బాగున్నదాన్ని ఏరి తెచ్చాను. దులిపి, తుడిచి, చవకలో దొరికిన నెట్‌వర్క్ కార్డు ఇంకొకటి తగిలించాను. రౌటర్ పని చేసే సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, అది ఎక్కించాను. ఒక కార్డుకి బయటి లైను, రెండో కార్డుకి కాలేజీ. అంతే. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. ల్యాబు ముందువరసలో, గోడవారగా ఒక బల్ల మీద పెట్టాను. ఆ రోజునుంచి మా కాలేజీలో నెట్ పోయిందన్న మాట వినపడలేదు.

వినపడకపోయేసరికి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మూలుగుతూ పడి ఉండే పాత పెట్టె, తెరలేని పెట్టె. చచ్చిన కంప్యూటర్ అనుకునేవారు అందరూ. మా అటెండర్ దానిమీద తన క్యారేజీ పెట్టుకునేవాడు. తియ్యమంటే, "అమ్మగోరూ, దీనిమీదెడితే కూడు సల్లారదండి" అనేవాడు. ఆ మాటలో నిజం ఉంది. పనిచేసే యంత్రం వేడెక్కుతుంది. దాని పక్కల చిల్లుల్లోంచి గాలి పోవాలి, రావాలి. గాలి ఆడకపోతే, కాలిపోకుండా తనను తాను ఆపేసుకుంటుంది. అందుకే క్యారేజీ తీయించి పక్క కుర్చీలో పెట్టించాను. అటెండర్ పాపం ఒక వారం అలిగాడు.

మా హెచ్ఓడీ గారి సంగతి వేరు. ఆ పెట్టె ఏమిటో, ఏం చేస్తుందో ఆయనకు పూర్తిగా తెలుసు. క్లాసులో ఈ పాఠం చెప్పేదే ఆయన. అయినా బయటివాళ్ళు వచ్చినప్పుడు దాని ముందు అడ్డంగా నిలబడేవారు. తెలియనివాడి మీద నాకు జాలి ఉంటుంది. తెలిసి సిగ్గుపడేవాణ్ణి చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. అద్దె కోటు వేసుకుని ఇంట్లో తల్లిని పనిమనిషి అని చెప్పే రకం.

ఇక్కడ ఒక అమ్మాయి గురించి చెప్పాలి. నరసన్నపేట దగ్గర ఒక పల్లె ఆమెది. వరి పండించుకునే కుటుంబం. హాస్టల్లో ఉండి చదువుకుంటూ, ఖాళీ దొరికితే నా ల్యాబులోనే ఉండేది. ఆ పాత పెట్టెని విప్పి దులిపేటప్పుడు పక్కన కూర్చుని, "ఈ వైరేటి మేడమ్, ఆ వైరేటి" అని ప్రాణం తీసేది. ఆఖరి సంవత్సరంలో ఒక పెద్ద కంపెనీ పరీక్షలన్నీ దాటి, చివరి ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. మా కాలేజీనుంచి అంతదాకా వెళ్ళింది ఆమె ఒక్కతే. ఇంటర్వ్యూ కంప్యూటర్‌లోనే, కెమెరా ముందు కూర్చుని మాట్లాడాలి.

"నాయిన ముందే సెప్పీసినాడు మేడమ్. ఉజ్జోగం వస్తే వైజాగెల్లు, బెంగుళూరెల్లు, నేనడ్డం రాను. రాకపోతే ఇంటికాడుండు అన్నాడు" అంది ఒకరోజు.

"ఇంటికాడుంటే ఏటవుతాది?" అన్నాను.

"ఏటీ అవదు మేడమ్. అదే బయం" అంది.

ఆ ఇంటర్వ్యూ తేదీ, కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వచ్చే తేదీ ఒకటే అయ్యాయి. వేరే రోజు ఇమ్మని ఆ అమ్మాయి కంపెనీని అడిగింది, కుదరదన్నారు. కమిటీ రోజున ల్యాబులో విద్యార్థులెవరూ సొంత పనులు చేసుకోకూడదని ప్రిన్సిపాల్ గారి హుకుం. నేను స్తంభం వెనకాల ఉన్న కంప్యూటర్ ఆమెకిచ్చి, "నువ్విక్కడ కూకో, ఎవడడిగినా నా పేరు సెప్పు" అన్నాను.

కమిటీ అంటే ఏమిటో తెలియని పిల్లల కోసం కాస్త చెబుతాను. మా వైపు పెళ్ళిళ్ళకి గుండిగలూ కుర్చీలూ అద్దెకిచ్చే సప్లయర్లు ఉన్నట్టే, కాలేజీ తనిఖీలకి సామాను అద్దెకిచ్చేవాళ్ళు ఉంటారు. లైబ్రరీకి పుస్తకాలు, ల్యాబుకి యంత్రాలు, ఆఖరికి కుండీల్లో క్రోటన్ మొక్కలు. కమిటీ ఏ కాలేజీకి వెళితే, సామాను వాళ్ళకంటే ఒక రోజు ముందు అక్కడికి వెళుతుంది. కొందరు ప్రొఫెసర్లు కూడా అలాగే వెళుతుంటారు. మాకు నల్లటి అద్దాల బీరువా ఒకటి వచ్చింది. దాన్లో పెద్ద కంపెనీ రౌటర్, నీలం లైట్లు టకటకా కొట్టుకుంటూ. చూసిన ప్రతివాడూ "అబ్బో" అన్నాడు. దానికి కరెంటు వైరు తప్ప ఇంకే వైరూ లేదు.

తెచ్చినవాణ్ణి నేనే అడిగాను. "ఎలాగూ తెచ్చారు, ఒక్క రోజైనా నిజంగా లైను కలపండి బాబూ" అని.

"దాని పాస్‌వర్డు మా దగ్గర లేదు మేడమ్. దీనికి లైట్లొక్కటే" అన్నాడు.

అరువు సొమ్ములు బరువు చేటు అని మా అమ్మ అనేది. ఆ సామెత ఈ బీరువా కోసమే పుట్టిందనిపించింది.

ముందురోజు మధ్యాహ్నం చైర్మన్ గారు ల్యాబు చూడడానికి వచ్చారు. బీరువా చూసి మురిసిపోయారు. తర్వాత ఆయన చూపు నా పెట్టె మీద పడింది.

"ఆ డొక్కేటి అక్కడున్నాది?"

"అదేనండి రౌటర్."

"మరి ఈ అద్దాలదేటి?"

"అద్దెదండి."

"మెల్లగా సెప్పమ్మా, గోడలకి సెవులుంటాయి. ఆ డొక్కు తీయించీయండి."

"తీస్తే నెట్ ఉండదండి. వైర్లన్నీ దానికే వస్తాయి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "అయితే ఉండనీ. కనబడకూడదు, అంతే" అని వెళ్ళిపోయారు. కనబడకుండా చెయ్యడమన్నది మా హెచ్ఓడీ గారికి వెన్నతో పెట్టిన విద్య. అటెండర్‌ని పంపి కమిటీవాళ్ళ కోసం కొన్న శాలువాల్లోంచి ఒకటి తెప్పించారు. ఎర్రది, జరీ అంచుది. దాన్ని పెట్టె మీద నాలుగు వైపులా దించి, కుచ్చిళ్ళు పోసి, గుండుసూదులు గుచ్చారు. పైన సరస్వతీదేవి పటం పెట్టి, పటానికి బంతిపూల దండ వేశారు. ముందు రెండు ఇత్తడి దీపపు కుందులు. కమిటీవాళ్ళు ల్యాబులోకి రాగానే ఇక్కడే జ్యోతి వెలిగిస్తారట.

"సార్, గాలి ఆడదు. ఎండాకాలం. పైన పటం, ముందు దీపం. ఇది ఆగిపోతుంది" అన్నాను.

"ఒక్కరోజే కదా మేడమ్" అన్నారు.

"రేపు ఆ అమ్మాయి ఇంటర్వ్యూ ఉంది సార్."

"మనకి గ్రేడు ఉంది మేడమ్."

నేను కుచ్చిళ్ళు వెనకవైపు కొంచెం ఎత్తి పెట్టాను. మర్నాడు పొద్దున్న వచ్చి చూస్తే మళ్ళీ దించి, ఇంకో నాలుగు సూదులు ఎక్కువ గుచ్చి ఉన్నాయి. ఆయన జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని నేను ఇంకొకటి చూడలేదు.

కమిటీ వచ్చింది. దాని పెద్ద ఒక వయసు మళ్ళిన ప్రొఫెసర్. ఎన్ని కాలేజీలు చూశారో, ముఖంలో అలసట. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి దీపం వెలిగించారు. వత్తి సరిచేస్తుంటే నూనె చుక్క శాలువా అంచుమీద పడి పాకింది. అందరూ కళ్ళు మూసుకుని దండం పెట్టారు. మా చైర్మన్ గారు రెండు చెంపలూ వేసుకున్నారు. నా పాత కంప్యూటర్‌కి అంతమంది పెద్దలు మొక్కడం అదే మొదలు, అదే ఆఖరు. లోపల అది ఉక్కిరిబిక్కిరై ఫ్యాను గట్టిగా తిప్పుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఇంకెవరికీ వినిపించలేదు.

స్తంభం వెనక ఆ అమ్మాయి ఇంటర్వ్యూ అప్పటికే మొదలైంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, నిటారుగా కూర్చుని మాట్లాడుతోంది. తడుముకోవడం లేదు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఇటు హెచ్ఓడీ గారు కమిటీని బీరువా ముందు నిలబెట్టి, ఆ నీలం లైట్లు మా విద్యార్థుల భవిష్యత్తుని ఎలా వెలిగిస్తున్నాయో వివరిస్తున్నారు. ఇంతలో ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

ఆ అమ్మాయి తల తిప్పి నా వైపు చూసింది. తెరమీద అవతలివాళ్ళ ముఖాలు నోరు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

"మేడమ్, ఆగిపోనాది" అంది, చిన్నగా.

నేను పటం వైపు నడిచాను. హెచ్ఓడీ గారు నాకంటే ముందే అక్కడికి చేరారు. "ఇప్పుడు కాదు మేడమ్. వాళ్ళు వెళ్ళాక చూద్దాం" అన్నారు పళ్ళ బిగువున.

"వాళ్ళెల్లాక ఆ పిల్ల ఏటి సేస్తాది?" అన్నాను. కోపం వస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

"చెప్పులతో పూజ దగ్గరికి వస్తారా?"

చెప్పులు విడిచాను. అప్పటికి కమిటీ పెద్దాయన ఇటు తిరిగారు. "ఏమైందమ్మా?" అన్నారు.

"నెట్ పోయిందండి."

ఆయన బీరువా వైపు చూశారు. "లైట్లు వెలుగుతున్నాయి కదా."

"అవి ఎప్పుడూ వెలుగుతాయండి. వాటికి అదొక్కటే పని."

తలుపు దగ్గర చైర్మన్ గారు, వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నారు. నేను అమ్మవారికి దండం పెట్టుకుని పటం ఎత్తాను. పెట్టడానికి పక్కన ఖాళీ లేదు. ఎదురుగా ఉన్నది కమిటీ పెద్దాయన. ఆయన చేతుల్లో పెట్టాను. భయభక్తులున్న మనిషి, రెండు చేతులా అందుకుని గుండెకు హత్తుకుని నిలబడ్డారు. అటెండర్ పరుగున వచ్చి దీపాలు పక్కకి జరిపాడు. శాలువా పట్టి లాగేశాను. గుండుసూదులు టపటపా రాలాయి. పక్క రేకు ఊడదీస్తే మొహానికి సెగ కొట్టింది.

"పొయ్యిలాగున్నాదండి" అన్నాడు అటెండర్.

విసరడానికి ఏదైనా కావాలి. బల్లమీద కాలేజీ గొప్పలన్నీ రాసి రంగుల్లో అచ్చువేసిన కమిటీ రిపోర్టు ఉంది, ఇంత లావున. దాంతో విసిరాను. ఆ రిపోర్టు వల్ల ఎవరికైనా ఉపయోగం జరిగింది అప్పుడే. చల్లారాక బటన్ నొక్కాను. పాత యంత్రం, ముక్కుతూ మూలుగుతూ లేచింది. అది లేచేదాకా కమిటీ పెద్దాయన సరస్వతిని మోస్తూనే ఉన్నారు. ఎవరూ ఆ పటం అందుకోలేదు.

నెట్ వచ్చింది. ఆ అమ్మాయి మళ్ళీ లోపలికి వెళ్ళబోతే, మీ ఇంటర్వ్యూ ముగిసిందని తెరమీద రాసి ఉంది. జరిగింది చెబుతూ వెంటనే మెయిల్ పెట్టింది. ఈసారికి అవకాశం లేదని రెండు ముక్కల జవాబు వచ్చింది. ఏడవలేదు. హెడ్‌ఫోన్ తీసి, వైరు చక్కగా చుట్టి, నా బల్లమీద పెట్టింది.

"పోన్లెండి మేడమ్" అంది.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఒక్క పూట శాలువా సరదా నాలుగేళ్ళ చదువుని మింగేసింది. అక్కడున్న పెద్దలలో ఒక్కరైనా ఆ పిల్ల పేరు అడుగుతారేమో అని చూశాను. కాఫీలు తాగడానికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత జరిగింది వినండి. కమిటీ పెద్దాయనకి నా డొక్కు పెట్టె తెగ నచ్చింది. పారేసే కంప్యూటర్‌తో కాలేజీ మొత్తానికి నెట్ నడపడం ఆదర్శమని మెచ్చుకుంటూ రాశారు, అద్దాల బీరువా ఊసే ఎత్తలేదు. మంచి గ్రేడు వచ్చింది. చైర్మన్ గారు నన్ను పిలిచి, "నువ్వుండబట్టి గట్టెక్కినామమ్మా" అన్నారు. మర్నాడు ప్రిన్సిపాల్ గారి దగ్గరనుంచి మెమో వచ్చింది, దేవుడి పటం పట్ల అమర్యాదగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వమని. హెచ్ఓడీ గారు, తక్కువ ఖర్చుతో నెట్‌వర్క్ అనే విషయం మీద ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి శాలువాలు కప్పించుకున్నారు.

పెట్టె సంగతి అడుగుతారేమో. దానికోసం మెయిన్ బిల్డింగు ద్వారం దగ్గర అద్దాల గూడు చేయించారు. వైర్లన్నీ పీకి, రంగు వేసి, దండ వేసి అందులో పెట్టారు. పక్కన బోర్డు. పనిచేసినన్నాళ్ళూ కనబడకూడదన్నారు. కనబడొచ్చు అన్నాక పనిచెయ్యనివ్వలేదు. దాని స్థానంలో పెద్ద కంపెనీ రౌటర్ నిజంగానే కొన్నారు. పాస్‌వర్డు అమ్మినవాడి దగ్గరే ఉండేది. నెట్ పోతే అతను వైజాగు నుంచి రావాలి. పాత రోజులు తిరిగొచ్చాయి, మాటలు నాకు, లైట్లు దానికి.

ఆ అమ్మాయిని వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. మంచి మనిషే. నాకు దండం పెట్టి, "మా పిల్లకి రాసిపెట్టిలేదు మేడమ్" అన్నాడు. రాసిపెట్టి ఉందయ్యా, గుండుసూదులు గుచ్చి చెరిపేశారు అందామనుకున్నాను. తిరిగి దండం పెట్టి పంపించాను.

ఆమె ఇంటికాడ ఉండలేదు. నరసన్నపేటలో కేబుల్ నెట్ ఇచ్చే షాపు ఒకటుంటే, వాళ్ళ నాన్నతో పోట్లాడి అందులో చేరింది. నిచ్చెనెక్కి వైర్లు లాగింది. ఊళ్ళో నలుగురూ నవ్వారట. అక్కడ పడి ఉన్న పాత కంప్యూటర్‌ని రౌటర్ చేసి నిలబెట్టింది. అక్కడినుంచి వైజాగులో ఒక సంస్థకి వెళ్ళి, ఇప్పుడు వాళ్ళ ఆఫీసులన్నిటి నెట్‌వర్కూ తనే చూస్తోంది. ఈ సంగతి తెలిసిన వెంటనే మా కాలేజీ చేసిన మొదటి పని, ఉద్యోగాలిప్పించిన విద్యార్థులంటూ వేసే కరపత్రంలో ఆమె ఫోటో వెయ్యడం. అడిగి కూడా వెయ్యలేదు.

నా రిటైర్మెంటు సభకి ఆమెను ముఖ్య అతిథిగా పిలిచారు. నా మీద ప్రేమతో కాదు, ఫోటో కోసం. ప్రిన్సిపాల్ గారు నా సేవల గురించి మాట్లాడారు, నా పేరు ఒకసారి తప్పు చెప్పారు. తర్వాత మైకులో, మన కాలేజీ తీర్చిదిద్దిన విద్యార్థిని మేడమ్‌కి శాలువా కప్పుతుందని ప్రకటించారు. అటెండర్ పళ్ళెంలో శాలువా తెచ్చాడు. ఎర్రది, జరీ అంచుది. ఆ అమ్మాయి తీసి మడత విప్పబోయి ఆగింది. లోపలి మడతలో, అంచుమీద, పాకిన నూనె మరక. దాని పక్కనే సన్నగా వరసగా గుండుసూదుల చిల్లులు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఫోటో తీసేవాడు కానివ్వండి కానివ్వండి అంటున్నాడు. చైర్మన్ గారు వేదిక కింద కూర్చుని చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నారు.

"నాను కప్పను మేడమ్" అంది, మైకు పక్కనే ఉందని చూసుకోకుండా. "గాలాడదు."

శాలువాని మడత విప్పకుండానే బల్ల మీద పెట్టేసి, వంగి నా కాళ్ళకి దండం పెట్టింది.